పెట్టె ముందు పాకే ఈగలు, పెట్టెలోని రెండు నల్లులు

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుని మొదలుపెడతాను, ఎందుకంటే జవాబంతా అందులోని చిన్న వివరాల మీదే ఆధారపడి ఉంది. మీ దగ్గర 40 మెల్లిఫెరా, అంటే ఐరోపా జాతి తేనెటీగల, పెట్టెలున్నాయి. పొద్దుతిరుగుడు పూత ముగిసి తేనె తీసిన మూడు వారాలకు, ఈ ఏప్రిల్ మొదట్లో, ఎనిమిది పెట్టెల ముందు ఎగరలేని ఈగలు నేలమీద పాకుతూ కనిపించాయి. కొన్నిటి రెక్కలు నలిపి విడిచిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. లోపల పిల్ల అట్టల్లో, అంటే ఈగ పిల్లలు పెరిగే మైనపు అట్టల్లో, మూత వేసిన అరల మధ్య ఖాళీలు చెదురుమదురుగా కనిపిస్తున్నాయి. పక్క పొలంలో కొట్టిన పురుగుమందు వల్ల అని ఒకరు, వైరస్ అని మరొకరు చెప్పారు. మూడో ఆయన పశువుల పిడుదులకు వాడే మందులో చెక్కముక్కలు ముంచి ఫ్రేముల (అట్టలను పట్టి ఉంచే చట్రాల) మధ్య పెట్టమన్నారు. ఇది ఏమిటి, ఏ మందు వాడాలి, ఈ ఎనిమిదింటిని బలమైన పెట్టెల్లో కలిపేయవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఇది నల్లి పనే అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. కాని మన ప్రాంతంలో మెల్లిఫెరా పెట్టెల్లో చేరే నల్లులు రెండు, వరోవా, ట్రోపిలేలాప్స్. ఏది ఉందో, ఎంత ఉందో తెలియకుండా మందు మాట ఎత్తకూడదు. విదేశీ పుస్తకాలూ వీడియోలూ చూసి పని నేర్చుకున్నవారికి మొదటిది మాత్రమే తెలుస్తుంది, ఎందుకంటే ఆ దేశాల్లో చాలావాటికి రెండోది ఇంకా చేరలేదు. వాళ్లు చెప్పే పద్ధతుల్లో కొన్ని మన ఏప్రిల్ ఎండలో నల్లికంటే ముందు రాణిని చంపుతాయి. ఆ సంగతి కిందికి వచ్చేటప్పుడు చెబుతాను.

ముందు పురుగుమందు అనుమానాన్ని తీర్చుకుందాం. మందు దెబ్బ తగిలిన పెట్టె ముందు చనిపోయిన ఈగలు ఒకటి రెండు రోజుల్లోనే కుప్పగా పడతాయి. వాటిలో ఎక్కువ భాగం మేతకు వెళ్లి వచ్చే పెద్ద ఈగలు, చాలావాటి నాలుక బయటికి చాచుకుని ఉంటుంది, రెక్కలు మాత్రం నిండుగానే ఉంటాయి. మీరు చెప్పినవి అప్పుడే అరలోంచి బయటికి వచ్చిన లేత ఈగలు. రెక్క ముడుచుకోవడం అన్నది ప్యూపా దశలోనే, అంటే మూత కింద పురుగు ఈగగా మారే దశలోనే, జరిగిపోయిన నష్టం, పొలంలో తగిలిన మందుతో ఏర్పడేది కాదు. వైరస్ అన్నవారి మాట సగం నిజం. రెక్కలను అలా వికృతం చేసే వైరస్ ఒకటి ఉంది, అది నల్లి లేని పెట్టెల్లోనూ తక్కువ మోతాదులో, బయటికి కనిపించకుండా ఉండగలదు. నల్లి కొరికి దాన్ని నేరుగా ప్యూపా శరీరంలోకి ఎక్కించినప్పుడే అది ఉపద్రవంగా మారుతుంది. హవాయి దీవుల్లో ఇది కళ్లకు కట్టినట్టు తేలింది: 2007లో ఒవాహు దీవిలో వరోవా కనిపించింది, అంతకుముందు పదింట ఒక పెట్టెలో మాత్రమే ఉండిన ఆ వైరస్, నల్లి స్థిరపడిన చోట్ల దాదాపు ప్రతి పెట్టెకూ పాకింది. కాబట్టి వైరస్‌కు విడిగా మందు వెతకనక్కర్లేదు, అలాంటి మందూ లేదు; నల్లిని దించితే వైరస్ దానంతటదే దిగుతుంది.

మనం మంచంలోని నల్లినీ, మిరపమీది నల్లినీ ఒకే పేరుతో పిలుస్తాం గాని, మంచం నల్లికి ఆరు కాళ్లు, తేనెటీగల నల్లి ఎనిమిది కాళ్ల జీవి, సాలెపురుగుకూ పశువుల పిడుదుకూ దగ్గరి చుట్టం. ఆడ వరోవా వెడల్పు మిల్లీమీటరున్నర పైన, పొడవు మిల్లీమీటరు పైన, అంటే పొడవుకంటే అడ్డం ఎక్కువ. ఎర్రటి ఆవగింజను బొటనవేలితో నొక్కి చదును చేసినట్టు, చూపుకు చిన్న పీతలా ఉంటుంది. అది పెద్ద ఈగ పొట్టకింద పలకల సందులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి పైనుంచి చూసేవారికి ఒకటి కూడా కనబడకపోవచ్చు. "నేను ఫ్రేములన్నీ చూశాను, నల్లి లేదు" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. వీపుమీద నల్లి కళ్లబడిందంటే ఆ పెట్టెలో ఆలస్యం అప్పటికే జరిగిపోయిందని అర్థం.

దాని బతుకంతా మూత వేసిన అరలోనే సాగుతుంది. అరకు మూత పడడానికి కొన్ని గంటల ముందు ఆడనల్లి లోపలికి దూరి, పిల్ల పురుగు అడుగున ఉన్న ఆహారంలో మునిగి దాక్కుంటుంది. మూత పడ్డాక సుమారు మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, అందులోంచి మగ నల్లి వస్తుంది. ఆ తర్వాత దాదాపు 30 గంటలకు ఒకటి చొప్పున పెట్టే గుడ్లనుంచి ఆడవి వస్తాయి. మగది తన అక్కచెల్లెళ్లతోనే ఆ అరలోనే జతకడుతుంది, బయటి వెలుగు చూడకుండానే చస్తుంది. కూలి ఈగ అర 12 రోజులు మూసి ఉంటుంది, ఆలోగా ఎదిగే కూతుళ్లు ఒకటి, మహా అయితే రెండు. పోతుటీగ (మగ ఈగ) అర మరో రెండు మూడు రోజులు ఎక్కువ మూసి ఉంటుంది కాబట్టి అక్కడ రెండు మూడు ఎదుగుతాయి. అందుకే పోతుటీగ అరలంటే దానికి అంత మక్కువ. నల్లి ఈగ రక్తాన్ని పీలుస్తుందని చాలాకాలం అనుకున్నారు. అది ప్రధానంగా తినేది ఈగ శరీరంలోని కొవ్వు కణజాలాన్ని అని 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఆ కణజాలమే ఈగకు కాలేయంలా పనిచేస్తుంది, విషాన్ని విరిచేది, రోగాన్ని తట్టుకునే శక్తినిచ్చేది, నిల్వ కొవ్వును దాచేది అదే. దాన్ని పోగొట్టుకుని పుట్టిన ఈగ రెక్కలు నిండుగా ఉన్నా ఎక్కువ రోజులు బతకదు. పాకే ఈగలు మీకు కనిపిస్తున్నాయి. మేతకు పోయి తిరిగి రానివి కనిపించవు, నిజానికి పెట్టె ఖాళీ అయ్యేది వాటివల్లే.

ఇక్కడ ఒక సందేహం రావాలి: మన పుట్ట తేనెటీగ, అంటే సెరానా, ఈ నల్లితో ఇన్ని వేల ఏళ్లు ఎలా బతికింది? వరోవా పుట్టినిల్లు సెరానాయే. ఆ ఈగ తన ఒంటిమీది నల్లిని తోటి ఈగలతో దులిపించుకుంటుంది, నల్లి పట్టిన కూలి పిల్లను అరలోంచి లాగి పారేస్తుంది, నల్లి సంతానం చాలావరకు పోతుటీగ అరలకే పరిమితం అవుతుంది. ఏటా కొద్ది వారాలు మాత్రమే పోతుటీగలు పెరిగే పట్టులో నల్లి ఎంత ఎగిరినా ఒక హద్దు ఉంటుంది. మనిషి తేనె ఎక్కువ వస్తుందని మెల్లిఫెరాను ఆసియాకు తెచ్చి సెరానా పక్కన పెట్టాక, అలాంటి ఏ కట్టడీ లేని కొత్త ఇల్లు దానికి దొరికింది. 1904లో జావా దీవిలోని ఈగలమీద మొదటిసారి వర్ణించినప్పుడు ఇది ఎవరికీ పట్టని చిన్న ప్రాణి. తర్వాత పెట్టెల రవాణాతో ఐరోపాకూ, 1987లో అమెరికాకూ, 1992లో బ్రిటన్‌కూ, 2000లో న్యూజిలాండ్‌కూ చేరింది. ప్రపంచమంతా తిరిగింది జావా నల్లి కాదు, దానికి దగ్గరి మరో జాతి అని 2000లో తేల్చి 'డిస్ట్రక్టర్' అనే పేరు పెట్టారు. ఎంతో కట్టుదిట్టంగా కాపాడుకున్న ఆస్ట్రేలియాలో కూడా 2022 జూన్‌లో న్యూకాసిల్ ఓడరేవు దగ్గర దొరికింది. అనేక వేల పెట్టెలను నాశనం చేసి చూసి, మరుసటి ఏడాది సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నం మానుకుని దానితో కలిసి బతకడానికి ఒప్పుకున్నారు. మన దేశంలో మెల్లిఫెరా 1960ల తొలినాళ్లలో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకుంది, దానితోపాటే నల్లుల కథా మొదలైంది.

ఆ కథలో మొదట వచ్చింది వరోవా కాదు, ట్రోపిలేలాప్స్. దీని అసలు ఇల్లు కొండ తేనెటీగ, అదే పెద్ద మర్రిచెట్లకూ నీళ్ల ట్యాంకులకూ వేలాడే ఆ పెద్ద తుట్టెల ఈగ. మీ పెట్టెలు పొద్దుతిరుగుడు చేలో ఉన్నప్పుడు అదే పూలమీద కొండ ఈగలు కూడా వాలి ఉంటాయి. బలహీనమైన పెట్టెలో తేనె దోచుకోవడానికి వచ్చే ఈగలతో కూడా నల్లి చేతులు మారుతుంది. ఆడది మిల్లీమీటరు పొడవు, అందులో సగం వెడల్పు, అంటే నువ్వుగింజ పొడవులో మూడో వంతు. వరోవాలా అడ్డంగా కాక నిలువుగా సాగి ఉంటుంది, అట్టమీద చాలా వేగంగా పరుగెడుతుంది. వరోవా నెమ్మది, ఇది నిలకడ లేనిది. రెండిటినీ గుర్తుపట్టడానికి నడక ఒక్కటే చాలు. పెద్ద ఈగ చర్మాన్ని చీల్చే నోరు దీనికి లేదు కాబట్టి పిల్ల పురుగులమీదా ప్యూపాలమీదే బతుకుతుంది. పెద్ద ఈగను పట్టుకుని ఉండేది ఒకటి రెండు రోజులే. వెంటనే మళ్లీ అరలోకి దూరుతుంది. ఈ తొందరవల్లే ఇది వరోవాకంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుంది, రెండూ ఉన్న పెట్టెలో చాలాసార్లు దీనిదే పైచేయి. దీని బలహీనత కూడా అక్కడే ఉంది: పెట్టెలో పిల్ల లేకపోతే కొద్ది రోజులకు మించి బతకలేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, వైద్యం అంతా దీనిమీదే నడుస్తుంది.

ఇప్పుడు లెక్క. నలభై పెట్టెలనూ చూడనక్కర్లేదు. రోగం కనిపించే ఎనిమిదీ, బాగున్నాయనుకునే వాటిలో ఒక ఆరూ చాలు. వెడల్పు మూతి ఉన్న పచ్చడి సీసా తీసుకుని, మూత మధ్య భాగం కత్తిరించి, ఈగ దాటలేని, నల్లి రాలిపోగల మూడు మిల్లీమీటర్లలోపు కన్నుల వల బిగించండి. పిల్లలున్న ఫ్రేము తీసి, రాణి దానిమీద లేదని రెండుసార్లు చూసుకుని, అర కప్పు ఈగలను, అంటే సుమారు 300ను సీసాలోకి దులపండి. పైనుంచి రెండు చెంచాల మెత్తటి పంచదార పొడి వేసి, ఈగలన్నిటికీ తెల్లగా పట్టేలా ఒక నిమిషం సీసాను దొర్లించి, రెండు మూడు నిమిషాలు నీడలో ఉంచండి. తర్వాత సీసాను తలకిందులు చేసి, నీళ్లు పోసిన తెల్ల పళ్లెంమీద ఉప్పు చల్లినట్టు గట్టిగా కుదపండి. పంచదార కరిగిపోతుంది, ఎర్రటి నల్లులు తేలుతూ మిగులుతాయి. పిండి పూసుకున్న ఈగలను పెట్టె ముందు వదిలితే తోటివి నాకి శుభ్రం చేస్తాయి. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో, ముఖ్యంగా ఉదయం పూట, పంచదార ముద్దకట్టి లెక్క తక్కువ చూపుతుంది. అలాంటి చోట 300 ఈగలను వదులుకోవడానికి సిద్ధపడి సబ్బునీళ్లలో గానీ స్పిరిట్‌లో గానీ కడిగి లెక్కించడం మేలు. ఇరవై వేల ఈగల్లో మూడు వందలు పోతే పెట్టెకు ఏమీ కాదు, మనసుకే కష్టం.

300 ఈగలకు తొమ్మిది నల్లులు వచ్చాయనుకోండి, అది నూటికి మూడు. పెట్టెలో 20,000 ఈగలుంటే వాటిమీద ఉన్నవే 600. పిల్ల ఉన్న కాలంలో వరోవాలో మూడింట రెండు వంతులో అంతకంటే ఎక్కువో మూత కింద దాగి ఉంటాయి కాబట్టి మొత్తం 1,800 దాటి ఉంటాయని అనుకోవాలి. నూటికి మూడు అన్న గీతను దాటాక ఆగకూడదని చాలామంది చెబుతారు. నేను రెండు దగ్గరే, అంటే ఆరు నల్లులకే, మేల్కొంటాను. మన దగ్గర రాణి దాదాపు ఏడాదంతా గుడ్లు పెడుతూనే ఉంటుంది, నల్లికి చలికాలపు విరామం ఉండదు.

ఈ పంచదార పరీక్ష ట్రోపిలేలాప్స్‌ను పట్టదు, అది పెద్ద ఈగలమీద ఉండేదే తక్కువ. దానికి వేరే పని చేయాలి. మూత వేసిన పిల్లలు నిండుగా ఉన్న ఫ్రేమును ఈగలు లేకుండా దులిపి, తెల్లటి ట్రే అంచుకు గట్టిగా రెండు దెబ్బలు కొట్టి, తిప్పి మళ్లీ రెండు దెబ్బలు కొట్టండి. పళ్లెంలో గోధుమరంగు గీతలు పరుగెత్తితే అది ట్రోపిలేలాప్స్. ఆ తర్వాత ఒక ఫోర్కుతో పోతుటీగ అరల మూతలు తీసి, తెల్లటి ప్యూపాలను వరుసగా పైకి లాగండి. పాలలాంటి ఆ తెలుపుమీద ఎర్ర చుక్క ఎంత స్పష్టంగా కనిపిస్తుందంటే, మొదటిసారి చూసినవారు మాట మరిచిపోతారు. ఖాళీ అయిన అర లోపలి పై గోడను టార్చి వేసి చూడండి. సున్నం అంటినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తే అవి వరోవా విసర్జించినవి, ఆ అరలో ఒక కుటుంబం పెరిగి వెళ్లిందని సాక్ష్యం.

మందు సంగతికి వస్తాను. పశువుల పిడుదు మందు, అంటే అమిట్రాజ్‌లో ముంచిన చెక్కముక్కలు పెట్టవద్దు. అది నల్లిని చంపదని కాదు, చంపుతుంది. తేనెటీగల కోసం తయారుచేసిన అమిట్రాజ్ పట్టీలు కొన్ని దేశాల్లో అనుమతితో అమ్ముతారు కూడా. కాని ఆ పట్టీ మందును వారాల తరబడి కొలిచినట్టు విడుదల చేస్తుంది. మీరు ముంచిన చెక్క మొదటి రోజు ఎంత ఇస్తుందో, ఇరవయ్యో రోజు ఎంత ఇస్తుందో ఎవరికీ తెలియదు. ఎక్కువైతే రాణి చస్తుంది, తక్కువైతే మందుకు లొంగని నల్లి మిగులుతుంది. ఫ్లువలినేట్ అనే మరో నల్లి మందు విషయంలో ఇదే జరిగింది: 1990లలో ఇటలీలోనూ తర్వాత అమెరికాలోనూ ఆ మందుకు చావని వరోవా తయారైంది. పైగా ఫ్లువలినేట్ లాంటి మందులు మైనంలోకి ఇంకి ఏళ్ల తరబడి ఉంటాయి, ఆ మైనంతోనే మళ్లీ పునాది అట్టలు పోస్తారు. వేప నూనె, వెల్లుల్లి, కర్పూరం గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. నేను వేప నూనెతో రెండు సీజన్లు ప్రయత్నించి ముందూ వెనకా లెక్కపెట్టాను, అంకె కదలలేదు.

మిగిలేవి రెండు ఆమ్లాలు. ఫార్మిక్ ఆమ్లం, చీమ కుట్టినప్పుడు మండించేది, మంచి మందే. దాని ఆవిరి మూత కిందికి కూడా చొరబడుతుంది, రెండు నల్లులమీదా పనిచేస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో కేరళ రబ్బరు తోటలకు పెట్టెలు తీసుకెళ్లేవారికి అది అక్కడే దొరుకుతుంది, రబ్బరు పాలు గడ్డకట్టించడానికి తోటల్లో వాడేది అదే కాబట్టి. 85 శాతం ఆమ్లం 5 మిల్లీలీటర్లు చిన్న సీసాలో పోసి, దూది వత్తి పెట్టి, పెట్టె అడుగున ఉంచి, రోజూ నింపుతూ రెండు వారాలు సాగించడం మన దేశంలో అలవాటైన పద్ధతి. కాని దాని ఆవిరి వేగం ఎండను బట్టి ఉంటుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటితే జాగ్రత్తపడాలి, 33 దాటితే రాణికి ప్రమాదం. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఏప్రిల్‌లో, మధ్యాహ్నం 39 డిగ్రీలు కాస్తుండగా, ఇరవై పెట్టెల్లో ఈ సీసాలు పెట్టాను. సాయంత్రానికి ఈగలు పెట్టె ముందుగోడకు గడ్డంలా వేలాడాయి. పది రోజుల తర్వాత తెరిస్తే ఆరు పెట్టెల్లో రాణి లేదు. నల్లి మాత్రం బాగానే తగ్గింది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను: ఫార్మిక్ మీకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పనికొచ్చే మందు, ఇప్పుడు కాదు.

ఆక్జాలిక్ ఆమ్లానికి ఎండతో ఆ చిక్కు లేదు, కాని అది మూత దాటి లోపలికి వెళ్లలేదు. చలి దేశాల్లో డిసెంబరులో రాణి గుడ్లు ఆపేసి, నల్లి అంతా పెద్ద ఈగలమీదికి వచ్చినప్పుడు ఒక్కసారి పోస్తే నూటికి తొంభైకి పైగా చస్తాయి. మనకు ఆ డిసెంబరు లేదు. దాన్ని మనమే తయారుచేసుకోవాలి, అంటే రాణిని కొన్నాళ్లు గుడ్లు పెట్టకుండా ఆపాలి. ఇన్నేళ్ల అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇదొక్కటే: మన వాతావరణంలో రాణిని కేజ్‌లో ఉంచడమే అసలు వైద్యం, ఆమ్లం దానికి తోడు మాత్రమే.

పూత లేని ఈ రోజుల్లో అది చేయడం సులువు కూడా. కూలి ఈగలు లోపలికీ బయటికీ తిరగగలిగి రాణి మాత్రం దాటలేని కేజ్‌లో రాణిని ఉంచి, పిల్ల అట్టల మధ్య వేలాడదీయండి. 24 రోజులు లెక్కపెట్టండి. 21 రోజులకు కూలి ఈగలూ 24 రోజులకు పోతుటీగలూ పూర్తిగా బయటికి వచ్చేస్తాయి. వారం రోజులకు ఒకసారి తెరిచి చూసి, కొత్త రాణి కోసం ఈగలు కట్టిన అరలుంటే తీసేయండి, లేకపోతే మీరు కేజ్ తెరిచే వేళకు పెట్టెలో ఇద్దరు రాణులు ఉంటారు. పిల్ల తరిగే కొద్దీ ట్రోపిలేలాప్స్‌కు తిండి పోతుంది, మందు లేకుండానే అది అంతరిస్తుంది. వరోవా చావదు గాని దాక్కునే చోటు ఉండదు. 24వ రోజు సాయంత్రం, చల్లబడ్డాక, పంచదారా నీళ్లూ సమపాళ్లలో కాచి ఆర్చిన పాకం ఒక లీటరులో 35 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం కరిగించి, ఈగలున్న ప్రతి ఫ్రేముల సందులోకి సిరంజితో 5 మిల్లీలీటర్లు పోయండి. ఎంత పెద్ద పెట్టె అయినా 50 మిల్లీలీటర్లు దాటకూడదు. మరునాడు రాణిని విడవండి. ఇలా పోయడం ఒక్కసారే. వారానికోసారి పోస్తే ఈగలే చిక్కిపోతాయి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, మిగిలిన పాకాన్ని పిల్లలకు అందని చోట పారబోయాలి, తియ్యగా ఉంటుంది కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ. తేనె గది పెట్టెమీద ఉండగా ఈ పని చేయవద్దు.

ఆ 24 రోజులూ పెట్టెను దాని మానాన వదలకూడదు. కొత్త ఈగలు పుట్టవు కాబట్టి సంఖ్య తగ్గుతుంది. ఈగలు కప్పని అట్టలను బయటికి తీసి దాచకపోతే మైనపు పురుగు వాటిని గూళ్లతో నింపేస్తుంది. సమపాళ్ల పంచదార పాకం సాయంత్రం పూట, దోపిడీకి అవకాశం లేకుండా, పెట్టె లోపలే ఇవ్వాలి. నీడా నీళ్లూ మీకు చెప్పనక్కర్లేదు.

అయితే మీ ఎనిమిదింటిలో అన్నీ ఈ 24 రోజులు తట్టుకోలేకపోవచ్చు. 300కు 30 నల్లులు తేలిన పెట్టెలో మూత కింద ఉన్న పిల్లలో ఎక్కువ భాగం ఇప్పటికే చెడిపోయి ఉంటుంది. అది బయటికి వచ్చేదాకా ఆగితే వచ్చేది నల్లీ కుంటి ఈగలే. అలాంటి పెట్టెల్లో నేను మూత వేసిన అట్టలన్నీ కోసి తీసి, లోతుగా పూడ్చి, ఈగలను శుభ్రమైన పెట్టెలోకి దులిపి, ఆ సాయంత్రమే ఆక్జాలిక్ పోస్తాను. చేతులారా పిల్లను పారేయడం మొదట ఎవరికీ మనసొప్పదు, కాని నల్లిలో మూడింట రెండు వంతులు ఆ అట్టలతోపాటే మట్టిలోకి పోతాయి. తెరిచి ఉన్న లేత పిల్లను మిగల్చవచ్చు, దాంట్లో కొంత ఆమ్లానికి దెబ్బతింటుందని తెలిసే. ట్రోపిలేలాప్స్ మాత్రమే కనిపించి వరోవా లెక్క తక్కువగా ఉన్న పెట్టెకు ఆమ్లం అక్కర్లేదు, కేజ్ చాలు. రాణిని ఆపడం కుదరని చోట ఫ్రేముల పై కర్రలమీద గంధకం పొడి, ఫ్రేముకు 200 మిల్లీగ్రాములు, అంటే చిటికెడుకంటే తక్కువ, పది రోజులకోసారి చల్లడం పాత పద్ధతి. తెరిచి ఉన్న పిల్లమీద పడకుండా చూసుకోవాలి.

మీ మూడో ప్రశ్న, బలహీనమైన ఎనిమిదింటిని బలమైన వాటిలో కలపడం. ఇప్పుడు కలపవద్దు. కలిపితే పెట్టెల సంఖ్య తగ్గుతుంది గాని నల్లుల సంఖ్య తగ్గదు, అవన్నీ మీకున్న మంచి పెట్టెల్లోకి నడిచి వెళతాయి. అసలు ఆ 32లో కూడా బాగున్నాయని మీరు అనుకుంటున్నవాటిని లెక్కపెట్టక ముందు నమ్మకండి: పూత ఉన్నప్పుడు ఎక్కువ పిల్ల పెంచిన పెట్టెలోనే నల్లీ ఎక్కువ పెరుగుతుంది, పూత ఆగి పిల్ల తగ్గగానే ఆ నల్లి అంతా మిగిలిన కొద్ది అరలమీద పడుతుంది. మార్చిలో అందరికంటే ఎక్కువ తేనె ఇచ్చిన పెట్టె జూన్‌లో ఖాళీ అవడానికి కారణం అదే. ఈ ఎనిమిదింటినీ వీలైతే మిగతావాటికి దూరంగా, పెట్టె వాకిలి రెండు ఈగలు పట్టేంత సన్నం చేసి ఉంచండి. ఆమ్లం పోసిన వారానికి మళ్లీ పంచదార పరీక్ష చేసి, 300కు రెండు లోపు వచ్చిన వాటిని మాత్రమే, రెండిట్లో పాత రాణిని తీసేసి, మధ్యలో వార్తాపత్రిక పరిచి కలపండి. ఆ కలిపిన పెట్టె మూతమీద తేదీనీ అంకెనూ సుద్దతో రాసి, నెల తిరిగేలోగా మరోసారి లెక్కపెట్టండి.